పంక్తికో కుర్చీ

ఎక్సెంట్రికల్లీ అనే ఇంగ్లీషు మాటకు మా నిఘంటువులో అర్థం రాసింది నేను. దాని కింద ఉదాహరణ రాసిందీ నేనే. అర్థం గురించి ఎవరైనా పోట్లాటకు వస్తే ఇప్పటికీ నడుం బిగించి నిలబడతాను. ఉదాహరణ మాట ఎత్తితే మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ ఉదాహరణలో ఉన్న మనిషి గురించి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయన మా ప్రూఫ్ రీడరు. ఏ బడిలోనూ ఎవరికీ పాఠం చెప్పినవాడు కాదు, అయినా తప్పులు దిద్దుతాడు కాబట్టి అందరికీ మాష్టారే. ఎదురుగా ఉంటే మాష్టారు గారు, వెనక్కి తిరగ్గానే కుర్చీల మాష్టారు. వసారా చివర ఒక ఇరుకు గది ఆయనది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ కనిపిస్తుంది. గదిలో ఒక బల్ల, బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. తలుపు పక్కనే మా అందరి మంచినీళ్ల ఫిల్టరు ఉండేది. అందుకని దాహం వేసిన ప్రతివాడికీ ఆయన తంతు ఉచితంగా కనపడేది.

తంతు ఏమిటంటే, ఆయన అటు కుర్చీలో కూర్చుని రాతప్రతిలోంచి ఒక ముక్క పైకి చదివేవాడు. కామా వస్తే కామా అనేవాడు, బ్రాకెట్ వస్తే బ్రాకెట్ అనేవాడు. చదవడం అయ్యాక, “ఉందా?” అని ఎదుటి ఖాళీ కుర్చీని అడిగేవాడు. అడిగి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ ఖాళీ కుర్చీలో తానే కూర్చుని, అచ్చు ప్రతి మీద పెన్సిల్ నడిపించి, “ఉంది. కానివ్వండి” అనేవాడు. మళ్లీ లేచి అటు వెళ్లేవాడు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదు దాకా ఇదే వరస. కుర్చీ కాళ్ల కింద నేల తెల్లగా గీరుకుపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నీళ్లు పట్టుకుంటూ అది చూసి, గ్లాసు నిండి పొర్లుతున్నా గమనించలేదు. వెనక్కి వచ్చి పక్క బల్లాయన్ని అడిగాను.

“ఏంటండీ అది?”

“అదా? ఇంతకుముందు ఆ రెండు కుర్చీల్లో ఒకదాంట్లో ఒకావిడ ఉండేది. అక్కగారనేవాళ్లం. ఆవిడ చదివేది, ఈయన చూసేవాడు. ఆవిడ మానేసింది. అప్పట్నుంచీ ఈయనకి కాస్త...” అని కణత దగ్గర వేలు తిప్పాడు. “మనిషి మంచివాడేలే. కరవడు.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజుతో ఆ సంగతి మీద నా విచారణ పూర్తయింది.

మా ఆఫీసులో పని అక్షరాల వారీగా పంచేవారు. నేను చేరేసరికి ఏ నుంచి డి దాకా అచ్చుకు వెళ్లిపోయింది. నా వంతుకు అయిదో అక్షరం వచ్చింది. ఒక్కో మాటకు ఒక్కో కార్డు. కార్డు మీద మాట, అర్థం, వాడుక, చివర ఒక ఉదాహరణ వాక్యం. మా ప్రధాన సంపాదకుణ్ణి పెద్దాయన అనేవాళ్లం. ఆయనకు ఒకే ఒక్క పట్టుదల ఉండేది.

“ఉదాహరణలు వండకండి. కళ్లారా చూసింది రాయండి. వండిన వాక్యం దగ్గర వాసనొస్తుంది, చదివేవాడికి తెలిసిపోతుంది.”

అందుకని అందరం మా చుట్టూ ఉన్నవాళ్లనే కార్డులకు ఎక్కించేవాళ్లం. పక్క బల్లాయన అత్తగారి గురక ఒక క్రియకు ఉదాహరణ అయింది. పెద్దాయన భార్య వరసగా మూడు రోజులు మాట్లాడకపోవడం ఒక విశేషణానికి పనికొచ్చింది. ఓపికగా వెతికితే మా అందరి ఇళ్ల గుట్టూ ఆ నిఘంటువులోనే దొరుకుతుంది.

ఎక్సెంట్రికల్లీ కార్డు నన్ను నాలుగు రోజులు ఏడిపించింది. వింతగా అందామంటే, అది కొత్తగా చూసిన దేనికైనా సరిపోతుంది. పిచ్చిగా అంటే మరీ దెబ్బ కొట్టినట్టుంటుంది. తిక్కగా అంటే అందులో కోపం ఉంది. విడ్డూరంగా అంటే అది చేసేవాడి గురించి కాదు, చూసి బుగ్గలు నొక్కుకునేవాళ్ల గురించి. చివరికి ఇలా రాశాను: నలుగురి పద్ధతికి భిన్నంగా, కారణం లేకుండా, ఎవరికీ హాని లేని విచిత్రమైన తీరులో. వాడుక కింద, బట్టలు కట్టుకోవడం, మాట్లాడటం, ఇల్లు సర్దుకోవడం, ప్రవర్తించడం లాంటి వాటికి వాడతారనీ, ఎవరూ తమ గురించి తాము అనుకునే మాట కాదనీ రాశాను. పెద్దాయన కార్డు చూసి, “డబ్బున్నవాడు చేస్తే ఈ మాట, లేనివాడు చేస్తే పిచ్చి. అది కూడా వాడుకేనమ్మా” అన్నారు. కానీ కార్డు మీద రాయనివ్వలేదు.

ఉదాహరణ ఒక్కటీ మిగిలింది. బుర్ర వేడెక్కి నీళ్ల కోసం లేచాను. తలుపు సగం తెరిచి ఉంది. “ఉందా?” అంటున్నారు మాష్టారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను. నీళ్లు కూడా తాగకుండా వెనక్కి వచ్చి, ఇంగ్లీషు వాక్యం రాసి, కింద మన మాటల్లో రాశాను: తోడు చదివే మనిషి వెళ్లిపోయిన దగ్గర్నుంచి ఆ ముసలాయన వాక్యానికోసారి కుర్చీ మారుతూ, తనకు తానే జవాబు చెప్పుకుంటూ విచిత్రంగా ప్రవర్తిస్తున్నాడు. పక్క బల్లాయన చదివి బల్ల చరిచాడు.

“అచ్చు గుద్దినట్టుందమ్మాయ్!”

నాకు తెగ గర్వంగా అనిపించింది. కార్డు డబ్బాలో పడింది, డబ్బా అచ్చాఫీసుకు వెళ్లింది.

మా దగ్గర అచ్చయ్యే ప్రతి అక్షరం ముందు ఆయన నోట్లోంచి వెళ్లి తీరాలి. రోజుకు పదిసార్లు ఆయన గొంతు వింటూ కూడా నాకు ఆ సంగతి తట్టలేదు. రెండున్నర నెలల తరవాత అయిదో అక్షరం పేజీలు కట్టలుగా వచ్చి, ఆయన గదిలో గోడవారన నిలబడ్డాక తట్టింది.

పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఒక ఉదాహరణ మార్చాలన్నాను.

“ప్రూఫ్ చదివాక పేజీ నీ దగ్గరికే వస్తుందిగా, అప్పుడు మార్చుకో” అన్నారాయన తలెత్తకుండా.

మాష్టారు చదవకముందే మార్చాలండీ అనడానికి నోరు రాలేదు. మాష్టారి దగ్గరికే వెళ్లాను. ఒక్క పేజీ ముందుగా చూసుకుంటానని బతిమాలాను.

“కట్ట విప్పితే వరస తప్పుతుందమ్మా. నేను చూశాక నీకే పంపిస్తాను. ఏమిటంత తొందర?”

“ఏం లేదండీ, ఊరికే.”

ఆయన రోజుకు ఆరు పేజీలు చదువుతాడు. నా మాట ఎప్పుడు వస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. గురువారం, మధ్యాహ్న భోజనాల తరవాత. బుధవారం సాయంత్రం దాకా ఏదో ఒక అద్భుతం జరుగుతుందని ఆశపడ్డాను. ఆయనకు జ్వరం రావాలని కూడా కోరుకున్నాను. నా బుద్ధి అంత దూరం పోయింది.

గురువారం రెండు గంటలకు ఫిల్టరు దగ్గర నిలబడ్డాను. గ్లాసు నింపడం, పారబోయడం, మళ్లీ నింపడం. లోపలి నుంచి గొంతు వినిపిస్తోంది. నా మాట వచ్చింది. అక్షరం అక్షరం విడదీసి చదివారు. అర్థం చదివారు, కామాలతో సహా. వాడుక చదివారు. తరవాత ఉదాహరణ.

“తోడు చదివే మనిషి వెళ్లిపోయిన దగ్గర్నుంచి...” అని ఒక్క క్షణం ఆగారు. మళ్లీ అదే గొంతుతో, అదే వేగంతో, “ఆ ముసలాయన వాక్యానికోసారి కుర్చీ మారుతూ, కామా, తనకు తానే జవాబు చెప్పుకుంటూ విచిత్రంగా ప్రవర్తిస్తున్నాడు, ఫుల్‌స్టాప్” అని చదివారు. ఆ తరవాత ఎప్పటిలాగే అడిగారు. “ఉందా?”

కుర్చీ జరిగిన చప్పుడు వెంటనే రాలేదు. చాలాసేపటికి వచ్చింది. చెప్పుల చప్పుడు బల్ల చుట్టూ తిరిగింది. రెండో కుర్చీ కిర్రుమంది. పెన్సిల్ చప్పుడు లేదు.

“ఉంది” అన్నారు మాష్టారు. కానివ్వండి అనలేదు.

గ్లాసు అక్కడే వదిలేసి నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. నాలుగు గంటలకు ప్యూను పేజీ తెచ్చి నా ముందు పెట్టాడు. నా మాట పక్కన గుండుసూదితో గుచ్చిన చీటీ ఉంది. మాష్టారి చేతిరాత చాలా పొందికగా ఉంటుంది. చీటీలో మూడు ముక్కలే ఉన్నాయి: వాక్యానికోసారి కాదు. పంక్తికోసారి. కళ్లారా చూసి రాయవలెను.

తిట్టినా బాగుండేది. చీటీతో సహా ఆ పేజీ పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. తలుపు దగ్గరే నిలబడ్డాను.

“మాష్టారూ, తప్పయిపోయింది. ఆ వాక్యం కొట్టేస్తాను.”

“ఎందుకు? పదానికి సరిపోయింది. కొట్టేస్తే ఇంకోటి వండాలి.” అద్దాలు తీసి తుడుచుకున్నారు. “అయితే ఒక మాట. నేను అక్షరాలు దిద్దేవాణ్ణి, అర్థాలు దిద్దేవాణ్ణి కాదు. ఇన్నేళ్లలో ఒక్కరి అర్థం జోలికీ పోలేదు. ఈ ఒక్కసారికి పోతాను. కారణం లేకుండా అని రాశావే, అది తప్పు.”

“అంటే?”

“ఇలా రా. ఈ కుర్చీలో కూర్చుంటే నాకు ప్రూఫు కనపడుతుంది. కనపడితే నోరు రాతప్రతిని వదిలేసి దాన్నే చదివేస్తుంది. కన్ను గడుసుది తల్లీ. కాగితం మీద ఉన్నదాన్ని చదవదు, ఉండాల్సిందాన్ని చదివేస్తుంది. తప్పు జారిపోతుంది. అందుకే చదివే మనిషి వేరు, చూసే మనిషి వేరు ఉండాలి. రెండో మనిషిని ఇవ్వం, ఒక్కరే చూసుకోండి అన్నారు. సరే అన్నాను. ఒక్క మనిషి ఇద్దరవ్వాలంటే లేవక తప్పదు కదా. వాక్యం పొడుగ్గా ఉంటే బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపు సగం మరచిపోతున్నాను. వయసైపోతోంది. అందుకని పంక్తికోసారి.”

అంత మామూలు కారణం. ఏ పూటైనా లోపలికి వెళ్లి అడిగి ఉంటే తెలిసేది. మా హాల్లో ఆరుగురం మాటలకు అర్థాలు రాసేవాళ్లం ఉన్నాం. ఒక్కరం అడగలేదు.

“మరి ఉందా అని పైకి అడగడం?” అన్నాను చివరికి.

ఆయన అద్దాలు పెట్టుకున్నారు.

“దానికి కారణం లేదులే. అది నువ్వు రాసినట్టే.”

ఆ సాయంత్రమే అక్కగారి గురించి చెప్పారు. ఇరవై రెండేళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ చదివి ఉందా అనడం, ఆయన చూసి ఉంది, కానివ్వండి అనడం. కామాలు చదివి చదివి ఆవిడకు మామూలు మాటల్లోనూ అవి దొర్లేవట. టీ చెప్పేటప్పుడు, “రెండు టీలు, కామా, ఒకదాంట్లో చక్కెర వద్దు, ఫుల్‌స్టాప్” అనేదట. ఆయన భార్య పోయి పాతికేళ్లు. పిల్లల్లేరు. రోజంతా ఆయనతో మాట్లాడే గొంతు అదొక్కటే, అదీ ఇతరులు రాసిన మాటలు. ఆ గొంతుకే జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గాని మాట తిరిగి రాలేదు. చివరి రోజు ఆవిడ వచ్చి తన కుర్చీలో కూర్చుని, రాతప్రతి మీద వేలు నడిపిస్తే, ఆ వేలు వెంట ఆయనే చదివారట. తరవాత ఆవిడ సంచి ఆయనే పట్టుకుని మూడంతస్తులూ దిగారు. ఆవిడ కూతురి దగ్గరికి, ఇంకో ఊరు వెళ్లిపోయింది.

“ఫోన్ చేస్తారా?” అని అడిగాను.

“ఆదివారాలు చేస్తాను. ఎత్తుతారు. మాట్లాడలేరుగా. నేనే రెండు ముక్కలు చెప్తాను. ఉన్నట్టు తెలియడానికి ఫోన్ మీద గోటితో ఒకసారి కొడతారు. పెట్టేస్తాను.”

తరవాత ఎదుటి కుర్చీ చూపించి, “కూర్చో. ఆ పేజీ సరిగ్గా చూశానో లేదో నాకే నమ్మకం లేదు. ఒకసారి చదువు” అన్నారు.

కూర్చున్నాను. నా మాట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆయన గురించి నేను రాసిన వాక్యం ఆయన ఎదురుగా కూర్చుని కామాలతో సహా చదవాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు. చదివి ఆగాను. ఆయన పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎందుకో నాకు ఆలస్యంగా అర్థమైంది.

“ఉందా?” అన్నాను.

“ఉంది. కానివ్వమ్మా.”

అర్థంలో కారణం లేకుండా అన్నది కొట్టేసి, చూసేవారికి కారణం తెలియని విధంగా అని రాశాను. వాక్యానికోసారి అన్నచోట పంక్తికోసారి అయింది. విచిత్రంగా ప్రవర్తిస్తున్నాడు అన్నది తీసేద్దామంటే మాష్టారు ఒప్పుకోలేదు. అది తీస్తే ఇక ఉదాహరణ దేనికని కసిరారు.

ఆ రోజు పెద్ద మాట ఇచ్చేశాను. “రోజూ మూడింటికి వచ్చి గంటసేపు చదువుతాను మాష్టారూ.” వెళ్లాను కూడా. పదకొండు రోజులు వెళ్లాను. ఇంతలో పెద్దాయన నాకు ఇంకో అక్షరం అప్పజెప్పారు. ఒకరోజు మానేశాను, తరవాత వారానికి రెండు రోజులు, తరవాత ఇదిగో అదిగో. ఆయన ఒక్కసారి కూడా ఎందుకు రాలేదని అడగలేదు. ఒక మధ్యాహ్నం నీళ్లకు వెళ్తే లోపల “ఉందా?” అని వినిపించింది, కుర్చీ కిర్రుమంది, “ఉంది” అని వినిపించింది. కారణం తెలిసి కూడా నేను లోపలికి వెళ్లలేదు. తెలియక నవ్వినదానికంటే అదే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

ఏడాది తిరగకుండానే కంప్యూటర్లు వచ్చాయి. ఇక ఎవరి పేజీలు వాళ్లే తెర మీద దిద్దుకోవాలన్నారు. మాష్టారిని ఒక దండతో పంపించారు. ఆయన గదిలో అమ్ముడుపోని పుస్తకాలు పెట్టారు, కుర్చీలు రెండూ హాల్లోకి వచ్చి వేరు వేరు బల్లల దగ్గర చేరాయి. ఆ తరవాత ఆరు నెలలకు నా అక్షరం ఉన్న సంపుటం వచ్చింది. పనిచేసినవాళ్లందరికీ తలా ఒక ప్రతి ఇచ్చారు. మాష్టారి ప్రతి అలమరలోనే ఉండిపోయింది. పోస్టులో పంపిద్దామన్నారు, ఎవరూ పంపలేదు. నేనే తీసుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను.

ఇనుప సామాన్ల కొట్టు మీద ఒంటి గది. తలుపు తీసి నన్ను చూసి ఆయన గాభరాపడ్డారు. లోపల మంచం, స్టవ్వు, గోడకు ఒక మేకు, మేకుకు ఒక చొక్కా, కిటికీ దగ్గర ఒక కుర్చీ. కుర్చీ మీదున్న పేపర్లు తీసి, తువ్వాలుతో దులిపి, “కూర్చో, కూర్చో” అన్నారు.

“మీరు కూర్చోండి మాష్టారూ, నేను నిలబడతాను.”

“కాదమ్మా, నువ్వే కూర్చోవాలి.” అని, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అన్నారు. “ఒకటే కుర్చీ. ఎవరూ రారు కదా, రెండోది దేనికని కొనలేదు.”

మా ఆఫీసంతా కుర్చీల మాష్టారని నవ్విన మనిషి ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుర్చీ. నేను దాంట్లో కూర్చున్నాను. పుస్తకం చేతికిచ్చాను. ఆయన తీసుకోలేదు.

“చూపు బాగా తగ్గింది. నువ్వే చదువు.”

“ఎక్కడ్నుంచి?”

“నీకు తెలుసుగా.”

ఆ పేజీ తీశాను. మాటను అక్షరం అక్షరం చదివాను. నలుగురి పద్ధతికి భిన్నంగా, కామా, చూసేవారికి కారణం తెలియని విధంగా, కామా, అంటూ చదువుకుంటూ పోయాను. ఆయన మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి వింటున్నారు. ఎదురుగా బల్ల లేదు, ప్రూఫు లేదు, చేతిలో పెన్సిల్ లేదు. ఉదాహరణ కూడా చదివాను. ఫుల్‌స్టాప్ అని ఆగాను. అడిగాను.

“ఉందా?”

“ఉంది” అన్నారు మాష్టారు. “కానివ్వండి.”

అండి అన్నది పొరపాటున వచ్చిందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం సవరించలేదు. తరవాతి మాట చదివాను, ఆ తరవాతిది చదివాను. చీకటి పడేదాకా చదివాను. అంతసేపూ ఆయన ఒక్కసారి కూడా లేవాల్సిన అవసరం రాలేదు.